కానుక సంచి

చుట్టుగుంట మందిరంలో
చివరి వరస కుర్చీ తీసేసి
ఫోను స్టాండు నిలబెట్టారు.
గోడకి స్కానరు అంటించారు.
“ఇంకా సంచెందుకు తాతా” అంటాడు
పాస్టరుగారి అబ్బాయి.

నిజమే, చిల్లర మోత తగ్గింది.
కానీ ఆ కుర్చీ సువార్తమ్మది.
ముప్పయ్యేళ్లు మిర్చి యార్డులో తొడిమలు తీసి తీసి
ఊపిరి ఘాటెక్కి మంచాన పడింది.
లైవులో ఆమె దగ్గు వినపడదు,
చేతులు జోడించిన బొమ్మొకటి
తేలిపోతుంది, అంతే.

అందుకే నేను
ఫోను ముందు కూడా ఆగి
సంచి చాపుతాను.
పిల్లలు నవ్వుకుంటారు.

నిన్న ఆమె మనవరాలు చెప్పింది:
“నువ్వు ఆగినప్పుడల్లా నాయనమ్మ
పది నోటు తీసి తెరకి ఆనించి
మళ్లీ దిండు కిందే పెడుతుంది.”

రేపు వెళ్లాలి.
సంచి కర్ర చాలా పొడుగు,
ఆటోలో పడుతుందో లేదో.