వంతు

లాకు క్వార్టరు వెనక, అంట్లు తోమే బండకీ కాలవ గట్టుకీ మధ్య
నాలుగు బారల నేల.
పూడిక తీసినప్పుడు గట్టున పోసిన ఒండ్రుని
తట్టతో మోసుకొచ్చి పరిచింది వీరవేణి.
నేనప్పుడు గేజీ రాయి మీద నీటిమట్టం చూసి
పుస్తకంలో రాసుకుంటున్నాను.
లస్కరుని. నాకదే పని.

గింజలు వాళ్ళమ్మ ఇచ్చినవి.
పేడలో కలిపి గోడకి కొట్టిన పిడక,
నిరుటి వేలిముద్రలు ఇంకా ఉన్నాయి దానిమీద.
నానబెట్టి విరిస్తే
చేపపొలుసుల్లా జారాయి.
గుంటకి నాలుగు.
"ఒకటి ఎలక్కి, ఒకటి పురుక్కి, ఒకటి మనకి" అంది.
నాలుగోది ఎవరికో చెప్పలేదు.

రెండాకులప్పుడు ఎర్ర పెంకుపురుగులొచ్చాయి.
మంచు ఆరకుండానే లేచి
పొయ్యిలో బూడిద పలచటి గుడ్డలో మూటగట్టి
పాదు పాదుకీ దులిపేది,
పసిపిల్లకి పౌడరద్దినట్టు.
నేను పళ్ళు తోముకుంటూ చూసేవాణ్ణి.

తీగ సాగింది. కింద కొబ్బరిమట్టలు పరిచాం.
ముందు పూసినవన్నీ మగపూలే.
"మీ ఆఫీసులాగే" అంది.
వారం పోయాక, ఒక పువ్వు కింద
చిటికెనవేలంత పిందె,
ఒళ్ళంతా నూగు.

అప్పుడే దాళ్వా చేలు పొట్టకొచ్చాయి.
గోదాట్లో నీళ్ళు తగ్గాయి.
పైనుంచి ఆర్డరు: వంతులు.
మూడు రోజులు తలుపులెత్తు, ఆరు రోజులు దించు.
దించిన తలుపు కింద కారేచోట గోనెలు కుక్కు.
శివారు రైతులు బళ్ళేసుకొచ్చి అరిచి వెళ్ళేవారు.
పితాని తాతబ్బాయి మాత్రం అరవలేదు.
గట్టుమీద కూచుని, గోనెల వంక
బీడీ అయిపోయేదాకా చూసి
లేచి, పంచె దులుపుకుని వెళ్ళాడు.

వీరవేణి చెల్లెలి పురిటికి రాజోలెళ్ళింది.
"పూటపూటా పొయ్యి. చెంబెడైనా సరే."
కాలవ పారిన మూడు రోజులూ బిందెలతో కుమ్మరించాను.
ఎండిన ఆరు రోజులూ
బోరింగు దాకా నడవడానికి బద్ధకించాను.
మిట్టమధ్యాహ్నం ఆకులు తడిగుడ్డల్లా వాలిపోయేవి,
పొద్దుగూకితే లేచేవి.
లేచాయి కదా, అనుకున్నాను.

వచ్చీరాగానే సంచి గుమ్మంలో దించి పెరట్లోకి పోయింది.
నూగు రాలిందో లేదో బొటనవేలితో తడిమి
చారల మీద పసుపు తిరిగిన కాయ ఒకటి
తొడిమతో సహా కోసింది.
తల తరిగి, ముక్కతో ముక్క రుద్దింది. నురగ.
నాలిక కొసకి తాకించుకుని
మాటాడకుండా నాకో ముక్క ఇచ్చింది.

చేదు.
కాకర చేదైతే ముందే చెప్పి వస్తుంది.
ఇది చల్లగా, నీళ్ళనీళ్ళగా, ఇంటిమనిషిలా లోపలికొచ్చి
మింగాక గొంతులో నిలబడింది.

"ఒకనాడు ముంచేవు, నాలుగునాళ్ళు మరిచేవు,"
అంది, కత్తిపీట కడుగుతూ.
"దోసపాదు లెక్కెట్టుకుంటాది."

కోసినవన్నీ రుచి చూశాం. అన్నీ అంతే.
అంట్లబండ పక్క పాదొక్కటి తప్ప.
దాన్ని నేనెప్పుడూ పట్టించుకోలేదు,
బండ పగులులోంచి రోజూ
రెండు గిన్నెల కడుగునీళ్ళు ఊరేవి దానికి.
ఆ కాయ కొరికితే పళ్ళు జివ్వుమన్నాయి.
పప్పులోకి రెండు, ఆవపెట్టడానికి నాలుగు.
ఒకటి కాయితంలో చుట్టి నా సంచిలో పెట్టింది.
ఎవరికని నేనడగలేదు.

ఆ రాత్రి మళ్ళీ తలుపులు దించే వంతు.
దించాను.
అడుగున సన్నటి ధార మొదలైంది,
చీకట్లో కిందికి, శివారు వైపు.
గోనెలు పట్టుకుని దిగాను.
కాసేపు అక్కడే నిలబడి
వాటిని గట్టున పరిచి
వాటి మీద కూచున్నాను.