గీటురాయి

పోర్టోలో, నదికి దిగే మెట్ల మీద నా పాత పుస్తకాల బండి.
వానొస్తే రేకు దించుతాను, ఎండొస్తే ఎత్తుతాను.
సముద్రపు కొంగలు మాత్రం
ఏ కాలమైనా అట్టల మీద రెట్ట వేసి పోతాయి.

గురువారం సాయంత్రం ఆరుంపావుకి ఎర్మెలిండా వస్తుంది.
పై వీధి తాకట్టు కొట్లో బంగారం పరీక్షించే పని ఆమెది.
పొద్దస్తమానం రాయి మీద గీత, గీత మీద ఆమ్లం చుక్క.
వేళ్ళ కొసలు పచ్చబడిపోయాయి.
"మా అమ్మమ్మ గొలుసు" అని కళ్ళు తుడుచుకునేవాళ్ళకి
అమ్మమ్మ నిజమేననీ, గొలుసే ఇత్తడనీ
నొప్పించకుండా చెప్పాలి.

అలాంటి మనిషి నన్ను అడిగేది ఒకటే:
"మోసగాడి ప్రేమకథ ఏదైనా వచ్చిందా?
నవ్వించేది. చివర్లో ఎవరూ చావనిది."

రోజంతా చేపలు కోసినవాడు
రాత్రి కూర్చుని చేపల బొమ్మలు చూస్తాడా?
ఉండబట్టలేక అడిగాను.
గొడుగు దులుపుతూ చెప్పింది:
"నా దగ్గరికొచ్చే మోసగాడు నా మొహం చూడడు, తక్కెడ చూస్తాడు.
పుస్తకంలో వాడు అలా కాదు.
ఆమె కాఫీలో ఎన్ని చెంచాల చక్కెరో మూడో పేజీకే పట్టేస్తాడు.
ముందు ఏ కాలి జోడు విప్పుతుందో,
ఏ మాటకి నవ్వు ఆపుకుంటుందో.
మా ఆయన, పాపం, నిజాయితీపరుడు.
పదకొండేళ్ళలో ఒక్క అబద్ధం ఆడలేదు,
ఒక్క చెంచా లెక్కపెట్టలేదు."

చదివినది సగం ధరకి తిరిగిచ్చేస్తుంది.
అంచుల్లో పెన్సిల్ అంకెలు.
వాడు తనకి లేని కోట గురించి చెప్పేచోట, 9.
రైలు తప్పిపోయిందని నమ్మబలికేచోట, 14.
కాజేసిన హారం వెనక్కి తెచ్చి, వానలో ముద్దయిపోయి,
"నా అసలు పేరు..." అంటూ తడబడేచోట
22, కింద రెండు గీతలు.
పక్కన చిన్న మరక.
ఆమ్లమో కాదో నేను పరీక్షించలేదు.

మా నాన్న ఒక దళారి మాట తీపికి పడవ అమ్ముకున్నాడు.
ఆ దళారి వానలో తడుస్తూ ఎప్పుడూ రాలేదు.
మా ఇంటి కథలో ఆ పేజీ చినిగిపోయింది.
అది అచ్చులో దొరుకుతుందంటే
రెండు యూరోలిచ్చి
మన తలకి మనమే కొలతలిచ్చి
కుచ్చుటోపీ పెట్టించుకోమూ?

ఇక నా సంగతి.
ఆ రకం పుస్తకాలు నా దగ్గర అయిపోయి రెండేళ్ళు.
అప్పట్నుంచి స్టేషన్ పక్క పెద్ద షాపులో కొత్తవి కొంటున్నాను,
పద్దెనిమిదేసి యూరోలకి.
వెన్ను విరిచి, మూలలు మడిచి, కాఫీ కప్పు అడుగు అద్ది,
మొదటి పేజీలో ఎడమచేత్తో
"ప్రియమైన లియొకాదియాకి, 1987" అని రాసి,
ఎవరో ముసలావిడ ఇల్లు ఖాళీ చేశారని చెప్పి
రెండుకి అమ్ముతున్నాను.

నిన్న గురువారం.
ఎర్మెలిండా డబ్బులిచ్చింది. పుస్తకం తెరిచింది.
పచ్చటి వేలు సన్నక్షరాల మీద ఆనించింది.
నిరుడు అచ్చయిన పుస్తకం.
"ఈ లియొకాదియా ఎంత చురుకో," అంది,
"రాయకముందే చదివేసింది."

కింద ఎవరో సార్డీన్లు కాలుస్తున్నారు.
నా చెవులు కూడా అక్కడే కాలుతున్నట్టున్నాయి.
ఆమె పెన్సిల్ తీసి
నా ధర చీటీ మీద ఏదో అంకె వేసి,
బోర్లా పెట్టి,
మెట్లెక్కి వెళ్ళిపోయింది.

వాన లేకపోయినా రేకు దించాను.
చీటీ తిప్పి చూడలేదు.
రాత్రి అద్దం ముందు నిలబడి
నా అసలు పేరు చెప్పి చూసుకున్నాను.
మరీ నున్నగా వస్తోంది.
తొమ్మిదికి మించదు.