తాలు

అరండల్‌పేట నాలుగో లైన్లో
మేడమెట్ల కింద నా డీటీపీ కొట్టు.
మనిషి కంటే ముందు ఘాటొచ్చింది.
రెండు తుమ్ములు తుమ్మి తలెత్తితే
గుమ్మంలో సువార్తమ్మ,
ముక్కుకి కట్టిన తువ్వాలు కిందికి లాక్కుంటూ.

"కోల్డ్ స్టోరేజీలో తొడాలు తీస్తాం, ముప్పైమందిమి.
లేబరాఫీసుకి అర్జీ.
ఇంగ్లీషులో కొట్టు సారూ,
తెలుగులో రాస్తే అడుగున పడేస్తారంట."

చెప్పింది చెప్పినట్టు కొడుతున్నా.
"కిలోకిచ్చేది ముష్టి పది రూపాయలు" అంది.
ముష్టి దగ్గర నా వేళ్లాగాయి.
అది చాచిన చెయ్యి.
ఈమెది పనిచేసిన చెయ్యి.
మీజ్లీ, అని కొట్టాను.

"ఏందా మాట?"
"కొంచెం అని. ఏ మూలకీ చాలనిదని."
"కొంచేనికి అంత దీర్ఘమెందుకో!"

సమాధానం లేక
అట్ట ఊడిన నిఘంటువు దించాను.
మీజ్లీ అంటే మొదట తట్టు సోకినది.
పందిమాంసంలో తెల్లటి పొక్కులుంటే
దానికీ అదే పేరు.
సంతలో బేరగాడు వేలితో నొక్కి చూసి
పక్కకి నెట్టేసి ఉంటాడు.
ఇంకా వెనక్కి పోతే
ఉత్త మచ్చ, ఏదో పాత డచ్చి మచ్చ.
మచ్చపడ్డది పనికిరానిదై
పనికిరానిది చాలీచాలనిదై
చివరికి ఎవరి కూలి మీదో వచ్చి కూర్చుంది.

నేను నవ్వుతూనే చదివాను.
ఆమె నవ్వలేదు.

"మా చిన్నోడికి పోసింది తట్టు, రెండో ఏట.
అప్పుడు మంచి సీజను.
మజ్జిగలో నానబెట్టినా
కొబ్బరినూనె పట్టించినా
చేతుల్లోంచి కారం పోదుగా.
ఒళ్లంతా ఎర్రగా పొంగి
ఎత్తుకో ఎత్తుకో అంటన్నాడు.
తొమ్మిది రోజులు
వేపమండతోనే నిమిరాను సారూ.
చేత్తో తాకలా."

ఫ్యాను తిరుగుతోంది.
ఆ మాట పక్కనే
కర్సరు వెలుగుతూ ఆరుతూ ఉంది.

"అయితే మన దగ్గరా ఉందిగా అది"
ఉన్నట్టుండి అంది.
"తాలు.
యార్డులో టిక్కీ కొయ్యంగానే
ఎర్రకాయ ఒక పక్క
మచ్చకాయ, తెల్లబడ్డ కాయ ఒక పక్క.
తాలుకి తాలు ధర, అది న్యాయమే.
మేం తొడిమ తీసేది ఎర్రకాయకి,
మాకిచ్చేది తాలు ధర.
అదే కొట్టు."

"ఇంగ్లీషులో ఆ మాట లేదమ్మా."

"ఆళ్ల అచ్చరాలతోనే కొట్టు.
ఎతుక్కుంటారు,
ఇందాక నువ్వు ఎతుక్కోలా?"

మీజ్లీని వెనకనుంచి ఒక్కో అక్షరం తినేశాను.
ఖాళీ అయిన చోట
తాలు.
గీత కింద ఎర్రటి గీత పడింది,
తప్పని చెబుతోంది కంప్యూటరు.
అలాగే ఉంచాను.

ప్రింటుకి ఇరవై.
కొంగుముడి విప్పి, ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టి
బల్లమీద పోసింది.
"ముష్టి ఇరవై రూపాయలు" అంది,
ఈసారి నవ్వి.
కాగితాన్ని చేత్తో ముట్టుకోకుండా
తువ్వాల్లో చుట్టుకుని వెళ్లింది.

నాణాలు సొరుగులో వేసి
అలవాటుగా
కళ్లు నులుముకున్నాను.