కట్టుడు గడియలు

సోమవారం మేం వాటిని రోలరు కింద వేస్తాం.
ట్రియెస్తె రేవులో, ఏడో నంబరు గోదాం వెనక,
తారురోడ్డు వేసే బండి ముందుకొకసారి, వెనక్కొకసారి.
పక్కన నిలబడి నేను సంతకం పెడతాను:
నకిలీ వాచీలు, పదకొండువందల నలభై, ధ్వంసం.
పెద్ద చప్పుడేం ఉండదు.
గుడ్డుపెంకులు తొక్కినట్టు, అంతే.

గురువారం రాత్రి ఎత్సియో ఫుర్లాన్ ఇంటికి
నాలుగంతస్తులెక్కుతాను,
బోరా గాలి మనుషుల్ని గోడలకు అతికించే రోజున కూడా.
వంటగదిలో దీపం బల్లమీదికి దించి ఉంటుంది.
చక్కెర గిన్నెలో పెద్దముళ్ళు,
ఉప్పు గిన్నెలో చిన్నముళ్ళు.
అరికాలిలోంచి తీసినంత నెమ్మదిగా
ఒక్కో ముల్లూ సూదిమొనతో లేపుతూ
ఎవరొచ్చారో కూడా చూడడు.
"యూనిఫాం బయట కొక్కేనికి తగిలించు" అంటాడు,
"దానికీ కళ్ళుంటాయి."

నలభై ఏళ్ళు కట్టుడు పళ్ళు చేశాడు.
ఈ కొండమీద సగం ముసలివాళ్ళు
ఆయన పళ్ళతోనే నవ్వుతారు,
ఆయన పళ్ళతోనే మున్సిపాలిటీని తిడతారు.
వాటిని కట్టుకథలని ఒక్కరూ అనలేదు ఇంతవరకు.
రొట్టె తెగితే చాలు.

ఒకసారి అడిగాను, ఆఫీసు గొంతుతోనే:
పొదుపు చేసి అసలుది ఒక్కటి కొనుక్కోక
ఈ కాకిబంగారం పదిహేడు దేనికయ్యా?
ఒకటి విప్పి నా ముందు పెట్టాడు.
గ్వాంగ్‌జౌ నుంచి వచ్చింది, తొంభై యూరోలు.
"ఈ మూడో అంకె తోక చూడు. అసలుదాన్లో కాస్త పొట్టి.
చేసినవాడికి తెలుసు. తొందరపెట్టి ఉంటారు.
ఈ భుజం మొద్దుగా ఉంది, ఆకురాయి పట్టాలి,
రోజుకి పది రుద్దులు, వారం.
అసలుదాన్ని విప్పితే వారంటీ పోతుంది,
గీత పడితే నా ప్రాణం పోతుంది,
దాన్ని లాకర్లో పెట్టి బయట నేను కాపలా కూర్చోవాలి.
దీన్ని పాడుచేయొచ్చు.
పాడుచేయగలిగినదాని దగ్గరే చేతులు నేర్చుకుంటాయి."

ఆయన అంత పొడుగు మాట్లాడగా అదే వినడం.
తర్వాత సిగ్గుపడి కాఫీ పెట్టాడు.

అదొక్కటే కాదులే.
పడవల యజమానులు కూర్చునే హోటల్లో ఒక శనివారం
ఆయన చొక్కా చెయ్యి బెత్తెడు పైకి జరుపుకోవడం చూశాను.
వడ్డించే కుర్రాడు "డాక్టరుగారూ" అన్నాడు.
నలభై ఏళ్ళు డాక్టర్ల వెనకగదిలో ఉన్న మనిషి
చెవులదాకా ఎర్రబడి
రెండు యూరోలు ఎక్కువ వదిలి వచ్చాడు.
నేను చూశానని ఆయనకు చెప్పలేదు.

తర్వాత ఒక సోమవారం, బండి వెళ్ళిపోయాక,
గాజుపొడిలో ఒకటి కొట్టుకుంటోంది.
అద్దం లేదు, పెద్దముల్లు లేదు,
గుల్ల సగానికి ఒంగింది.
సెకన్ల ముల్లు మాత్రం కుంటుతూ
పన్నెండు దాకా వచ్చి, ఆగి, మళ్ళీ.
సంతకం అప్పటికే పెట్టేశాను.
ధ్వంసమని రాసినదాన్ని
జేబులో వేసుకోవడానికి మా దగ్గర ఫారం లేదు.

ఎత్సియోకి మూడు గురువారాలు పట్టింది.
పళ్ళకు వాడే పింగాణీతో దాని ముఖం మళ్ళీ పోశాడు.
"పేరుండే చోట ఏం రాయను?"
నాకేమీ తోచలేదు.
ఖాళీగానే కాల్చాడు, కొంచెం పసుపు,
కాఫీ తాగేవాళ్ళ పంటి రంగు.
ఎడమ మణికట్టుకు తనే బిగించి
వదులు ఎంతుందో వేలు దూర్చి చూశాడు.

రోజుకి పదకొండు సెకన్లు వెనకబడుతుంది.
"సంతకం పెట్టే చెయ్యి వేరు,
ఇది కట్టుకున్న చెయ్యి వేరు. గుర్తుంచుకో" అన్నాడు.

రేపు సోమవారం. కొత్త కంటైనరు విప్పారట, ఆరొందల ముప్పై.
యూనిఫాం చేతిగుండీ రెండుసార్లు చూసుకున్నాను.
నాది ఎడమచేతి వాటం.
ఇన్నేళ్ళలో ఆయన అదొక్కటే గమనించలేదు.