రెండుసార్లు గెంతితే

టాంపెరే ఊళ్లో నవంబరు. మూడున్నరకే చీకటి.
చల్లారిన కాఫీ పక్కన
నలభై లక్షల వాక్యాలు నా ముందు రాశి పోసి ఉన్నాయి.
ఒక ఆటలో, ఆరు నెలల పాటు,
మొహాలు తెలియని జనం అనుకున్న మాటలు.

నా పని చేటలో చెరగడం లాంటిది.
తిట్టు ఒక పక్కకి, సాయం ఒక పక్కకి.
బేరానికో గడి, బడాయికో గడి,
సరసానికి, క్షమాపణకి, ఉత్త కూతకి.
"చావు, పో" ఎప్పుడు తిట్టో ఎప్పుడు ముద్దో
తేల్చడానికే రెండు వారాలు పట్టింది.
"తిట్టేవాణ్ణి వదిలెయ్," అంటుంది ప్రొఫెసర్ క్యుల్లిక్కి,
"వాడి పక్కన ఎవరు నిలబడ్డారో అది చూడు."

చూడాలంటే లోపలికి వెళ్లాలి.
నేనూ ఒక వేషం కట్టుకుని, అరువు కత్తి తగిలించుకుని
మ్యాపు మీద ఉత్తరానికి నడుచుకుంటూ పోయాను.
యుద్ధాలు చేరని మూల, ఒక సరస్సు.
చేపలకి అక్కడ చిల్లిగవ్వ ధర రాదు.
గట్టు మీద ఇద్దరు:
కుంటి ఎలుగు, ఉప్పురాయి.

రోజూ తొమ్మిదింపావుకి వస్తారు.
గాలాలు వేస్తారు. గంటన్నర కూర్చుంటారు.
మూడేళ్లలో ఒకరితో ఒకరు అన్న మాటలు
సున్నా.
నా పట్టికలో వాళ్ల జాడే లేదు.
పొల్లుతో పాటు ఎగరగొట్టేశాను.

ఇద్దరికీ విడివిడిగా ఉత్తరాలు రాశాను.
మౌనం అర్ధాంగీకారమంటే మా నైతిక సంఘం ఒప్పుకోదు,
సంతకం కావాలి. ఇద్దరూ పెట్టారు.

పదిహేడో నంబరు ముందు వచ్చాడు.
ట్రాము నడుపుతాడట.
ట్రాముకి స్టీరింగు ఉండదు కదా,
చేతులెక్కడ పెట్టాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.
"ఎందుకు మాట్లాడుకోరు?" అన్నాను.
"మాట్లాడుకోకపోవడమేంటి?" నొచ్చుకున్నాడు.
"ఉప్పురాయి వస్తూనే రెండుసార్లు గెంతితే
ఆ రోజు బాగా గడవలేదని.
గాలం వెయ్యకుండా ఊరికే కూర్చుంటే
ఇంట్లో ఏదో జరిగిందని.
పోయిన మార్చిలో పదకొండు రోజులు వెయ్యలేదు.
నేనూ వెయ్యలేదు."

తర్వాతి వారం ఇరవై మూడో నంబరు.
కట్టుడుపళ్లు పోతపోసే ల్యాబులో పని.
వేలికొసల్లో తెల్లటి పొడి, ఎంత కడిగినా పోనిది.
మార్చిలో ఆమె భర్త పోయాడు.
ఆ మాట నేను అడగలేదు, ఆమే అంది,
అని, బల్ల మీద పొడి లేని చోట తుడిచింది.
"అవతలి మనిషి జపానాయనేమో.
అంత మర్యాద మన దగ్గరెక్కడ?"
లేచేటప్పుడు మాటవరసకి అడిగాను,
ఎలా వెళ్తారని.
"ఎలా వచ్చానో అలాగే. మూడో నంబరు ట్రాములో.
పదేళ్ల నుంచీ అదే, ఆరుంపావుది."

పదిహేడో నంబరు డ్యూటీ కాగితం
నా ఫైల్లోనే ఉంది.

నోట్లో నువ్వుగింజ నానబెట్టడమే నా ఉద్యోగం.
పేర్లు లేకుండా, ఊరు లేకుండా, క్యుల్లిక్కిని అడిగాను.
"నువ్వేమీ అడగలేదు," అంది,
కప్పు నింపి నా వైపు తోసింది.

ఇవాళ ఆరుంపావు ట్రాము ఎక్కాను.
ముందు, గాజు తలుపు వెనక, అతని మెడ.
నా వెనక రెండో సీట్లో ఆమె, ఒళ్లో రొట్టెల సంచి.
ఇద్దరి మధ్యా కమ్మీ పట్టుకుని
కడుపులో ఉత్తరం దాచుకున్న పోస్టు డబ్బాలా నేను.

హెర్వాంతాలో ఆమె దిగింది.
ప్లాట్‌ఫారం మీద బూట్ల మంచు దులుపుకోవడానికి
రెండుసార్లు గెంతింది.

తలుపులు వెంటనే మూసుకోలేదు.
మంచుకి పట్టేశాయేమో.
అద్దంలో అతని కళ్లు నా వైపు నుంచి కనబడవు.

నోటుబుక్కు తీసి, మళ్లీ సంచిలో పెట్టాను.
ఒక్కసారి జరిగినదాన్ని
మేం లెక్కలోకి తీసుకోం.