పచ్చికుట్టు

జగదీశ్ మార్కెట్‌లో బేరమాడి తెచ్చిన కెమెరా.
స్టాండుకి డబ్బుల్లేక
సింటెక్స్ ట్యాంకు మూత మీద
కిలో కందిపప్పు సంచీ, దాని ఒళ్లో ఇది.

మూసాపేట ఆకాశం రాత్రి పదకొండింటిక్కూడా
పలచటి డికాషన్ రంగులోనే ఉంటుంది.
మొదటివారం పడ్డవల్లా
మెట్రో స్టేషన్ వెలుగు, నా చేతివణుకు.

పగలంతా ఫాల్, పికో, జాకెట్లకు హుక్కులు.
సూదిలో దారం ఎక్కించే కళ్లకి
చుక్కమీద ఫోకస్ ఎందుకు కుదరదు?
రింగు కొంచెం తిప్పితే బూందీ పూస,
ఇంకొంచెం తిప్పితే నూకగింజ,
ఇంకాస్త తిప్పానా, పోయింది.

పదిహేను సెకన్లు తెరిచి ఉంచాలట.
అంతసేపూ ఊపిరి బిగబట్టే ఉంటాను,
దానికీ దీనికీ సంబంధం లేదని తెలిసీ.

ఆరేసిన దుప్పట్లు తీయడానికొచ్చి
రహమతున్నీసా పక్కన నిలబడింది.
"ఏం దొరికింది?"
"పిల్లలకోడి. ఇదిగో, ఈ మసక."
వేలితో పిల్లల్ని లెక్కపెట్టింది. ఐదు. కాదు, ఆరు.
వాళ్లింట్లో దాన్నేమంటారో చెప్పబోయి
మరిచిపోయానని నవ్వింది.

నిన్న గొల్లకావడి కుదిరిందనుకునేలోపు
శంషాబాద్‌లో దిగే విమానం
ఫొటోకి అడ్డంగా పోయింది.
తుడిచేద్దామని వేలు పెట్టి, ఆగాను.
వెలిగి ఆరి, వెలిగి ఆరి
ఈ కొస నుంచి ఆ కొసకి
ఒకే ఎడంతో తెల్లటి చుక్కలు.
ఎవరో నల్లగుడ్డకి పచ్చికుట్టు వేసి పోయారు,
ఎక్కడా వంకర లేదు.

ఉంచేశాను.
విప్పాలంటే ఎప్పుడైనా విప్పొచ్చు.