పన్నెండో షరతు

చేపాక్ స్టేషన్లో దిగి సముద్రం వాసన వెంబడి నడిస్తే
మా యూనివర్సిటీ వెనక గేటు.
గేటు దాటగానే ఎడమచేతి గది నాది.
ఇరవై రెండేళ్లుగా హాలు అద్దెకిస్తున్నాను,
నాది కాని హాలు.

పూటకు పద్దెనిమిది వేలు, డిపాజిట్ ఐదు.
జనరేటర్ విడిగా. విరిగిన కుర్చీకి విరిగినంత.
ఉప్పుగాలికి తుప్పుపట్టిన గడియను
నూనె వేసి కదిలించడం మాత్రం ఉచితం.

ఫారంలో 'ఉద్దేశం' అని ఒక గడి ఉంటుంది,
బొటనవేలంత.
అందులో అరంగేట్రాలు పట్టాయి,
పంటివైద్యుల మహాసభ పట్టింది,
చిట్‌ఫండు వాళ్ల వార్షికోత్సవం పట్టింది.
మొన్న సోమవారం వచ్చినదాంట్లో
'ఉపన్యాసం' అని ఒక్క మాటే.
కింద ఒక పేరు.
ఆ పేరు దగ్గర నా టీ చల్లారిపోయింది.

చీపురు పట్టిన చెయ్యి చీపురుకే పుట్టిందని
ఊరూరా మైకుల్లో చెప్పే మనిషి.
చెప్పి, చప్పట్లు కొట్టించుకునే మనిషి.

మధ్యాహ్నానికి పిల్లలొచ్చారు.
ఇవ్వొద్దని నలభైమంది, సంతకాల కాగితంతో.
ఇవ్వాలని పదకొండుమంది, రాజ్యాంగం జిరాక్సుతో.
ఫ్యాను గాలికి రెండూ ఎగిరాయి.
రెంటి మీదా ఒకే పేపర్‌వెయిట్ పెట్టాను.
"నోట్ రాయండి నాదమునీ," అన్నారు రిజిస్ట్రార్.
తప్పు రాస్తే నాది, ఒప్పు రాస్తే ఆఫీసుది.

ఇవ్వొద్దని రాయబోయాను. పెన్ను ఆగింది.
నా పంతొమ్మిదో ఏట ఇదే హాల్లో,
బాల్కనీలో స్తంభం చాటున నిలబడి
మా నాన్న ఇంట్లో పేరెత్తనివ్వని ఒకాయన మాటలు విన్నాను.
ఆయనకీ హాలివ్వొద్దన్నారు అప్పట్లో.
ఎవరో గుమాస్తా ఇచ్చాడు.
ఆ రాత్రి ఇంటికెళ్లి
పనిమనిషికని విడిగా ఉంచిన సత్తుగ్లాసును
మా గ్లాసుల మధ్య పెట్టాను.
అమ్మ తీసేసింది. మళ్లీ పెట్టాను.
ఎన్నాళ్లు సాగిందో గుర్తులేదు,
గ్లాసంతా సొట్టలు పడేదాకా.

సరే, ఇద్దామని రాయబోయాను.
చెత్తబుట్ట కోసం పెంచలమ్మ వచ్చింది.
వాళ్ల తాత నెల్లూరి వైపు నుంచి
ఈ పట్నం వీధులూడ్చడానికొచ్చాడు.
మేమిద్దరం తెలుగులోనే మాట్లాడుకుంటాం.
ఆమె తెలుగులో సగం అరవం,
నాదాంట్లో సగం భయం.

"ఆయనొస్తున్నాడంట గదా సారూ."
"ఇంకా తేల్లేదు."
"వస్తే, అయిపోయినాక ఊడిసేది నేనే."
బుట్ట బోర్లించింది.
"కాయితాలైతే ఊడస్తా.
ఆ మాటలు యాడ ఎత్తిపొయ్యాల?"

జవాబు కోసం ఆగలేదు.
గుమ్మం దగ్గర మాత్రం తిరిగింది.
"మనల్ని అడగనిస్తారా ఆయన్ని?"
"ఏమడుగుతావు?"
"అది ఆయన్నే అడగతా. నీకెందుకు చెప్పేది?"

నోట్ రాశాను. ఇవ్వవచ్చు.
అద్దె అందరికీ ఉన్నదే, పైసా ఎక్కువా కాదు, తక్కువా కాదు.
రాసిన చెయ్యి ఇంకా నొస్తూనే ఉంది.
అచ్చయిన పదకొండు షరతుల కింద
చేత్తో పన్నెండోది:
ఉపన్యాసం తర్వాత గంటసేపు
మైకు కింద కూర్చున్నవాళ్లది.
రిజిస్ట్రార్ గంట కొట్టేసి అరగంట చేశారు.
వాళ్లు చదవకుండానే సంతకం పెట్టారు.

నలభైమందీ నాతో మాట్లాడ్డం మానేశారు.
వాళ్లది తప్పని అనుకోలేకపోతున్నాను.

శనివారం. బయట పోలీసు వ్యాను, వాన.
నాలుగింటికి హాలు తెరిచాను.
కుర్చీల మధ్య దారిలో రెండో మైకు నిలబెట్టి
స్టాండు దించాను, ఇంకా దించాను.
పెంచలమ్మ నా భుజానికి కూడా రాదు.
ఎత్తు కుదిరింది గానీ
తీగ మూడడుగులు చాల్లేదు.
ఎక్స్‌టెన్షన్ బాక్సు వెతుక్కుంటూ
స్టేజీ వెనక చీకట్లోకి వెళ్లాను.